నా వెన్ను, ఆమె పాదం

ఈ మాటలు నిలబడి రాస్తున్నాను. మా వంటింటి గట్టు నా నడుముకు సరిపడే ఎత్తులో ఉంది. గ్యాస్ స్టవ్వును ఒక పక్కకు జరిపి, ఆ ఖాళీలో డైరీ పెట్టుకుంటాను. కూర్చుంటే కాసేపటికే ఎడమ పిరుదు నుంచి మడమ దాకా ఎవరో తీగ బిగించి లాగుతున్నట్టు మొదలవుతుంది. పడుకుంటే కలం సాగదు. పోపు వేయాల్సిన వేళకు నా భార్య నూకరత్నం వచ్చి, "ఏటండీ, మీ ఆఫీసు కాస్త అవతలకి జరపండి" అంటుంది. జరుపుతాను. అందుకే ఈ పుటల మీద నూనె చుక్కలు ఉన్నాయి.

గడ్డుకాలం దాటిందని వైద్యుడు అన్నాడు. దాటిందో లేదో నాకు తెలియదు గానీ, మనసు కొంత కుదురుగా ఉన్నప్పుడే జరిగినదాన్ని వరుసలో పెట్టుకోవాలనిపించింది. నర్సీపట్నంలో నాలాంటి నడుములు చాలా ఉన్నాయి. ఒక్కరికైనా ఇది ముందుగా అందితే మేలు.

2001 నవంబరు

అప్పుడు నేను సైన్యంలో, ఇంజనీర్ల దళంలో సిపాయిని. ఈశాన్య కొండల్లో ఒక వాగు మీద ఇనుప వంతెన కడుతున్నాం. దాని చట్రాలను మనుషులే మోయాలి. చట్రంలో అడ్డంగా దూర్చిన కర్రలను ఆరుగురు పట్టుకుని, నాయకుడి మాటకు ఒక్కసారిగా లేపాలి, మాటకు ఒక్కసారిగా దించాలి. మాట రాకముందు ఎవరూ వదలకూడదు. వదిలితే మిగిలినవాళ్ళ కాళ్ళు నలుగుతాయి.

ఆ ఉదయం బురద వాలులో నా ఎదుటివాడి బూటు జారింది. అతనితో పాటు పక్కవాడూ పడ్డాడు. బరువంతా నా వైపు ఒరిగింది. వదిలి పక్కకు దూకే వ్యవధి ఉంది. మాట రాలేదు కనుక వదలలేదు. ఇందులో శత్రువు లేడు, తూటా లేదు, చెప్పుకోదగిన శౌర్యమూ లేదు.

నడుములో ఒక చప్పుడయింది. ఎముక విరిగిన చప్పుడు ఎలా ఉంటుందని చాలామంది అడిగారు. తలుపుకు గొళ్ళెం పడినట్టు ఉంటుంది, అదీ బయటివైపు నుంచి.

నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాను. వెన్నుపూస అతుక్కుంది. తేలిక పనులు ఇచ్చారు. కాలం పూర్తయ్యాక హవల్దారుగా పదవీ విరమణ చేసి, మా ఊళ్ళో ఒక బ్యాంకులో గుమస్తాగా చేరాను. ఆ చప్పుడు విని ఇరవై నాలుగేళ్ళు కావస్తోంది. ఆ గొళ్ళెం ఎవరూ తీయలేదు.

లోపల ఉండిపోయినవాడి సంగతి బయటివాళ్ళకు అర్థం కాకపోవడంలో వింత లేదు. పెళ్ళికి వెళితే, "మిలట్రీ మనిషి కదా, ఎంత నిటారుగా ఉన్నారో" అంటారు. వంగలేను కనుక నిటారుగా ఉన్నాను. బంతిలో కూర్చోలేక స్తంభం పక్కన నిలబడి తింటే గర్వం అనుకుంటారు. చెప్పు జారితే వంగి తీసుకోలేక, ఎవరైనా వస్తారేమోనని దాని పక్కనే నిలబడి ఉన్న రోజులున్నాయి. బస్సెక్కే ముందు గోతుల గురించి ఆలోచిస్తాను. తుమ్ము వస్తుందనిపిస్తే ముందు గోడ పట్టుకుంటాను. పదికి ఎంత నొప్పి అని వైద్యులు అడుగుతారు. కొన్నేళ్ళు ఆ అంకెను రోజూ రాశాను. నిరుటి పది ఈ ఏడు ఆరు అయిందని గమనించాక రాయడం మానేశాను. కొలబద్దే కదిలిపోతుంటే కొలత దేనికి?

ఇప్పుడు మా ఆవిడ పాదం గురించి చెప్పాలి.

నూకరత్నం ఎదురుకాళ్ళతో పుట్టింది. తల్లి కడుపులోంచి తల ముందు కాక కాళ్ళు ముందు వచ్చినవాళ్ళు తొక్కితే నడుం పట్టు వదులుతుందని మా వైపు గట్టి నమ్మకం. కోటవురట్లలో పుట్టింట ఉన్నప్పుడే ఆమె చిన్న పాదం కోసం జనం వచ్చేవారట. కాపురానికి వచ్చాక ఆ పేరు మా వీధికీ పాకింది. ఆదివారం తెల్లవారగానే, మేముండే మేడ మీది వాటాకు మెట్లెక్కి ఒకరో ఇద్దరో వచ్చేవారు. గుమ్మం దగ్గర బోర్లా పడుకుంటే, ఆమె కాళ్ళు కడుక్కుని వచ్చి, గోడ పట్టుకుని, ఎడమ పాదం నడుము మీద ఆనించి తీసేది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు.

కింది వాటాలో ఉండే ఆటో సింహాచలం అందరికంటే ఎక్కువసార్లు వచ్చేవాడు.

"పిన్నీ, నడుం పట్టీసింది. ఓపాలి కాలెట్టవా?"

"ముందా లుంగీ సరిగ్గా కట్టుకుని పడుకో."

"మెల్లగా పిన్నీ. బస్తా అనుకున్నావేటి?"

"బస్తాకైతే నోరుండదురా. ముయ్యి."

అతను లేచి నడుము అటూ ఇటూ తిప్పి, నవ్వుకుంటూ మెట్లు దిగేవాడు. లోపలి గదిలో చెక్క మంచం మీద బెల్టు బిగించుకుని పడుకున్న నాకు ఆ అడుగుల చప్పుడు వినిపించేది. ఊరందరి నడుములకూ మందు మా ఇంట్లో ఉంది. నాకు మాత్రం అది లేదు. భర్త మీద కాలు పెట్టకూడదు. పొరపాటున కాలు తగిలినా, నా ఒళ్ళు తాకి ఆ చేతిని కళ్ళకద్దుకోవడం ఆమెకు ఊపిరి తీసుకున్నంత అలవాటు.

మాతోనే ఉండే మా అమ్మకు ఇది మింగుడు పడేది కాదు.

"ఏటే పిల్లా, ఊరోళ్ళ నడుములన్నీ తొక్కుతావు. నా కొడుకు నడుమే నీకు కానరాలేదేటి?"

"ఆయన మీద కాలెట్టమంటావేటత్తా? నాకు పుట్టగతులుంటాయా?"

"దండమెట్టి తొక్కితే పాపమేటీ నేదు. దేముడికి తెల్దేటి ఎందుకు తొక్కేవో?"

ఈ మాటలు ఏళ్ళ తరబడి సాగాయి. నేను కల్పించుకుని, పాత ఎముక మీద ఎవరినీ చెయ్యి కూడా గట్టిగా వేయనివ్వొద్దని సైనిక వైద్యుడు చెప్పాడని గుర్తు చేసేవాణ్ణి. ఆమెకు ధర్మమూ, నాకు వైద్యుడి మాటా అడ్డుగా నిలిచాయి. రెండు అడ్డుగోడలు ఉన్నంతకాలం మేము క్షేమంగా ఉన్నాం.

2024 ఆగస్టు

జూలై చివర ముసురు పట్టింది. ఒక ఉదయం పళ్ళు తోముకుని తల ఎత్తబోతే నడుము రాలేదు. బేసిన్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. సింహాచలమూ రత్నమూ కలిసి నన్ను చాప మీదికి చేర్చారు. అప్పటి నుంచి ముందు గదిలో నేల మీదే ఉండిపోయాను.

నేల మీద ఉన్నవాడికి లోకమంతా పాదాలే. అమ్మ పగిలిన మడమలు, రత్నం మెట్టెలు, చూడవచ్చిన వాళ్ళ తడి కాళ్ళ గుర్తులు. ముఖాలు చూడాలంటే వాళ్ళు వంగాలి. ఎక్కువమంది వంగేవారు కారు. లేచి నిలబడితే మా కిటికీలోంచి కొయ్యూరు వైపు కొండల వరుస కనిపిస్తుంది. పడుకుంటే కిటికీ ఊచలూ తడిసిన ఆకాశమూ మాత్రమే. వీధిలోకి దిగడానికి ఉన్నవి ఇరుకైన మెట్లు. వాటిని తలచుకుంటేనే చెమట పట్టేది. ఊళ్ళోని వైద్యుడు ఇచ్చిన మాత్రలు నిద్ర తెచ్చేవి గానీ నొప్పిని తీసుకుపోయేవి కావు. నిద్రలోనూ నొప్పి ఉందని మెలకువ వచ్చాక తెలిసేది. బ్యాంకుకు సెలవు పొడిగిస్తూ పోయాను. ఫోన్ చేసిన ప్రతివాడూ, "ఇంకా తగ్గలేదా?" అన్నాడు. ఆ 'ఇంకా' నాకు తప్పు చేసినవాడిని నిలదీసినట్టు వినిపించేది.

ఇంట్లో గొంతులు మారాయి. మూత్రానికి నన్ను లేపేటప్పుడు రత్నం పళ్ళు బిగపట్టేది. నేను కేక వేస్తే అమ్మ ఆమెను కసిరేది. ఒకసారి రత్నం మూత్రం సీసాను నేల మీద గట్టిగా పెట్టి, "నేనూ మనిషినే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ తనే వచ్చి ఆ సీసా కడిగింది.

మూడో ఆదివారం వాన తెరిపిచ్చింది. సింహాచలం పైకి వచ్చి, గుమ్మంలో పడుకుని, తొక్కించుకుని, లేచి వెళ్ళాడు. నేను చాప మీద నుంచి అంతా చూశాను. ఆమె పాదం అతని నడుము మీద ఆనడం, అతను హాయిగా ఊపిరి వదలడం. అతను వెళ్ళాక నేనే అన్నాను:

"రత్నం, నాకూ ఒకసారి."

ఆమె అమ్మ వైపు చూసింది. అమ్మ, "బేగి కాళ్ళు కడుక్కురా" అంది.

"డాక్టరు వొద్దన్నాడని మీరే కదండీ..."

"ఆ డాక్టరు చెప్పి ఇరవై ఏళ్ళు దాటింది. నేనే అడుగుతున్నాను కదా."

ఆమె కాళ్ళు కడుక్కుని వచ్చింది. నేను బోర్లా తిరిగి ఉన్నాను కనుక చూడలేదు. ముందు నా పాదాల మీద ఆమె నుదురు ఆనిన సంగతి తెలిసింది. "కోపం రాదు కదా?" అని అడిగింది. రాదన్నాను. చల్లటి, తడి పాదం నా నడుము మీద ఆనింది. బరువు ఏమంత లేదు. ఊరివాళ్ళ మీద మోపినంత కూడా మోపలేదని తర్వాత చెప్పింది. తీసేసింది. అయిపోయింది.

ఆ సాయంత్రం నేను పీట మీద కూర్చుని అన్నం తిన్నాను. ఈ మాట దాచను. నమ్మకమో, మాత్రల గుణమో, వాన తెరిపో తెలియదు గానీ కూర్చున్నాను. అమ్మ కిటికీలోంచే వీధికంతా చెప్పింది. రత్నం నా కంచంలో రెండోసారి చారు పోస్తూ నవ్వింది. ఆ వర్షాకాలంలో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

మూడో రోజు, అమ్మ మొక్కుకుందని బలిఘట్టం గుడికి సింహాచలం ఆటోలో బయలుదేరాం. రోడ్డు గోతుల్లో బండి ఎగిరి పడింది. రత్నం ఉన్నట్టుండి వంగి, నా ఎడమ పాదం తాకి, చెయ్యి కళ్ళకద్దుకుంది.

"ఏమైంది?" అన్నాను.

"కాలు తగిలిందండీ."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. గట్టిగానే తగిలింది. నొప్పెట్టలేదా?"

తగలడమే నాకు తెలియలేదు. ఆమె వంగి తాకడమూ తెలియలేదు. కంటితో చూశాను కనుక తాకిందని అనుకున్నాను. చిటికెన వేలి వైపు పాదం మీద ఆమెను గిచ్చమన్నాను. గిచ్చింది. నా కాలు వేరెవరిదో అయినట్టు ఆమె వేళ్ళను చూస్తూ కూర్చున్నాను. రత్నం చెయ్యి వెనక్కి తీసుకుంది. మా ఇద్దరికీ ఒకే ఆదివారం గుర్తొచ్చింది.

"సింహాచలం, బండి తిప్పు" అన్నాను. గుడి గోపురం కనిపిస్తూనే ఉంది.

2024 సెప్టెంబరు

విశాఖపట్నం వెళ్ళడానికి సింహాచలం తనకు తెలిసిన కారు మాట్లాడి, ముందు సీటు వెనక్కి వాల్చి, దుప్పట్లు పరిచి నన్ను పడుకోబెట్టాడు. ఆసుపత్రి వరండాలో అన్నీ కుర్చీలే. కూర్చోలేనివాళ్ళు వచ్చే విభాగంలో కుర్చీలు తప్ప మరేమీ ఉండవు. ఉన్న ఒక్క బల్ల మీద కొండ ప్రాంతం నుంచి వచ్చిన ఒకావిడ, చేతికి కట్టు ఉన్న మనవరాలితో కూర్చుని ఉంది. గోడకు ఆనుకుని నిలబడి నేను పెదవి కొరుక్కుంటుంటే చూసి, లేచి, మనవరాలిని నేల మీదికి దించి, బల్ల చేత్తో తుడిచి నాకు చూపించింది. వద్దన్నాను. "తొంగో బాబూ. మేం నేల మీదే కదా కూకుంటాం" అంది. పడుకున్నాను. పిలుపు వచ్చేదాకా ఆమె నా కాళ్ళ పక్కన నేల మీదే ఉంది. పేరు అడగాలని తోచలేదు. ఇప్పటికీ బాధగా ఉంది.

నడుము స్కాన్ ఫిల్ములు చూసిన వైద్యుడు, "ఈ మధ్య పడ్డారా? బరువెత్తారా? మర్దన చేయించారా?" అని అడిగాడు.

"లేదండీ" అన్నాను.

"నేను తొక్కేనండీ" అంది రత్నం.

వైద్యుడు ఆమె వైపు తిరిగాడు. ఆమె చెప్పులు గది బయట విడిచి వచ్చింది. ఒక పాదం మీద ఇంకో పాదం దాచుకుని నిలబడి ఉంది. "ఎదురుకాళ్ళతో పుట్టేనండీ" అని, అది చాలదనుకుందో ఏమో, "ఆయన ఒద్దనే అనీవోరండీ ఎప్పుడూ" అని కూడా చెప్పింది.

"పాత దెబ్బ ఉన్న వెన్ను మీద ఎవరూ తొక్కకూడదమ్మా," అన్నాడు. "అయితే ఇక్కడ కనిపిస్తున్నది ఒక్క రోజులో వచ్చింది కాదు. నరం ఏళ్ళుగా నలుగుతోంది. అందులో ఏది ఎప్పటిదో విడదీసి చెప్పడం నా వల్ల కాదు."

పాదం పైకి లేపే బలం ఇంకా ఉందనీ, పాత ఎముక కనుక వెంటనే కోతకు వెళ్ళడం తనకు ఇష్టం లేదనీ, కొన్ని వారాలు వ్యాయామంతో చూద్దామనీ అన్నాడు. పాదం వేలాడినా, తిమ్మిరి పైకి పాకినా, మూత్రం మీద పట్టు తప్పినా ఆ రోజే రావాలన్నాడు. చదివేవాళ్ళు ఈ వాక్యాన్ని మరోసారి చదవాలి. స్పర్శ తిరిగి వస్తుందా అని అడిగాను. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు.

లెక్క తేలేదాకా కౌంటరు మూయని ఉద్యోగం నాది. సాయంత్రం తేడా వస్తే అది ఏ కాగితంలో ఉందో దొరికేదాకా లేవను. ఈ లెక్కలో మాత్రం వంతెన వాటా ఎంతో, ఆ ఆదివారం వాటా ఎంతో ఎప్పటికీ తేలదు. నా నడుము ఇరుక్కున్న చోటు నాకు తెలుసు. మేమిద్దరం ఇరుక్కున్న చోటు ఇది.

2024 అక్టోబరు నుంచి

రత్నం తొక్కడం మానేసింది. ఎవరైనా మెట్లెక్కి వస్తే, "నా కాలికి గుణం నేదు, ఆసుపత్రికెల్లండి" అని తలుపు దగ్గర నుంచే పంపేసేది. సింహాచలం నచ్చజెప్పబోయాడు.

"నా నడుం తగ్గింది కదా పిన్నీ. నేను అబద్ధమా?"

"నీకు విరగలేదు కాబట్టి తగ్గింది. ఎల్లు."

అమ్మ ఆ తర్వాత దండం పెట్టి తొక్కడం గురించి ఒక్క మాట ఎత్తలేదు. అంతకంటే కష్టమైంది ఇంకొకటి ఉంది. నేను చాప మీద ఉంటే రత్నం ఆ గది గోడ వెంట తిరిగి వెళ్ళేది. నా దగ్గరికి రావాలంటే మోకాళ్ళ మీద కూర్చుని, పాదాలు చీర కింద దాచుకునేది. గ్లాసు అందించేటప్పుడు చెయ్యి చాపేది, అడుగు వేసేది కాదు. తన కాళ్ళకు తానే భయపడే మనిషితో ఒక ఇంట్లో ఉండడం, వంగని వెన్నుతో ఉండడం కన్నా ఇరుకు.

ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి అన్నాను: "అడిగింది నేను. చేసింది నువ్వు. లెక్క నాదే అవుతుంది."

"లెక్కలు మీవేనండీ," అంది. "కాలు నాది."

స్పర్శ ఎలా ఉందో రోజూ చూసుకోమన్నారు. కళ్ళు మూసుకుంటే ఎవరైనా పాదం మీద పుల్లతో తాకాలి, నేను చెప్పాలి. రత్నం ఆ పుల్ల ముట్టుకోలేదు. ఆ పని అమ్మ తీసుకుంది, చీపురు పుల్లతో.

"తెలిసిందేటి?"

"లేదు."

"అబద్ధమాడకు. గట్టిగానే పొడిసేను."

"గట్టిగా పొడవకూడదమ్మా, ఊరికే తాకాలి."

"ఊరికే తాకితే నాకే తెలీదు, నీకేటి తెలుస్తాది."

నవ్వు వచ్చేది. కానీ అమ్మ ప్రశ్న అడిగిన ప్రతిసారీ వంటింట్లో గరిటె చప్పుడు ఆగేది. నేను లేదన్నాక కాసేపటికి మళ్ళీ మొదలయ్యేది. ఆ నిశ్శబ్దం కోసమైనా అవునని చెప్పాలనిపించేది. చెప్పలేదు. ఒకసారి అబద్ధపు అవును చెబితే, నిజమైన అవును వచ్చిన రోజు ఆమె దాన్ని నమ్మదు.

డిసెంబరుకు మెట్లు దిగాను. సంవత్సరం మారాక బ్యాంకుకు వెళ్ళాను. నిలబడి పనిచేయడానికి ఎత్తు బల్ల ఒకటి వేయించారు. పాదం వేలాడలేదు, కోత తప్పింది. నొప్పి తప్పలేదు, తప్పదు కూడా. దానితో పాటు లేస్తాను, దాన్ని వెంటబెట్టుకునే సంతకాలు పెడతాను. ఎడమ పాదం చివర మాత్రం చచ్చుబడే ఉండేది. చెప్పు జారిపోతే ఆ వైపు తెలిసేది కాదు. వంగి చూడలేను కనుక ఎవరైనా చెప్పాలి.

2025 మార్చి

ఈ గట్టు దగ్గరే, సాయంత్రం. నేను రాసుకుంటున్నాను. పక్కన స్టవ్వు మీద అన్నం ఉడుకుతోంది. మా వంటిల్లు ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. రత్నం నా వెనకగా చెయ్యి చాచి పైఅర మీది ఉప్పు డబ్బా అందుకోబోయింది. అందక మునివేళ్ళ మీద లేచింది, దిగింది.

"తగిలింది" అన్నాను.

"ఏటి?"

"నీ కాలు. ఇప్పుడు నా ఎడమ కాలికి తగిలింది."

ఆమెకు ఆ సంగతి తెలియనే లేదు. డబ్బా చేతిలో పట్టుకుని ఉండిపోయింది. తర్వాత అలవాటుగా వంగబోయింది.

"ఉండు. మళ్ళీ ఒకసారి పెట్టు."

"ఒద్దండీ."

"నేను వంగి చూసుకోలేను, రత్నం. నువ్వు పెడితేనే తెలుస్తుంది."

గోడ మీద ఒక చెయ్యి ఆనించింది. గుమ్మంలో పడుకున్న వాళ్ళ కోసం ఆనించినట్టే. నేను కళ్ళు మూసుకున్నాను. చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత, మందపాటి గుడ్డ అడ్డం పెట్టి తాకినట్టు, దూరంగా, ఒక వెచ్చదనం.

"పెట్టావు" అన్నాను.

"ఎక్కడ?"

"చిటికెన వేలి పక్కన."

ఆమె కాలు తీయలేదు. నేనూ కళ్ళు తెరవలేదు. గంజి పొంగి స్టవ్వు మీదికి కారుతున్న చప్పుడు ఇద్దరికీ వినిపించింది. మంట ఆరిపోయింది. ముందు గదిలోంచి అమ్మ, "ఏటే, గ్యాసు వాసనొస్తంది, ఇద్దరూ సచ్చేరేటి అక్కడ?" అని కేకేసింది.

అప్పుడు రత్నం కాలు తీసి, స్టవ్వు కట్టి, కిటికీ తెరిచింది. తర్వాత వంగి నా పాదం తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకుంది. నేను వద్దనలేదు. ఆ వేళ్ళు కూడా తెలిశాయి.